వీడియో కాల్‌లో మీ గొంతు మీకే తిరిగొస్తోందా? ముందు అవతలివాళ్ల ఫోన్ చూడాలి

గల్ఫ్ నుంచి ఇంటికి వీడియో కాల్ వస్తే మొదటి రెండు నిమిషాలు "హలో.. హలో.. వినిపిస్తుందా" అనడానికే సరిపోతాయి. లక్సెట్టిపేట, జన్నారం, గోదావరి అవతల ధర్మపురి, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో ఇది మామూలే. రియాద్‌లో ఉన్న కొడుకు "అమ్మీ, నా మాట నాకే తిరిగొస్తుంది" అంటాడు. ఇక్కడ అమ్మీకి మాత్రం అతని గొంతు శుభ్రంగా వినిపిస్తుంటుంది. "నాకు మంచిగనే వినవడ్తుంది బేటా, నీ ఫోనే ఖరాబైనట్టుంది" అంటుంది. కొడుకు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాడు, వైఫై మారుస్తాడు, జీతం రాగానే కొత్త ఫోన్ కూడా కొంటాడు. ఎకో మాత్రం పోదు. ఎందుకంటే అది పుట్టేది అతని ఫోన్‌లో కాదు, అమ్మీ చేతిలో ఉన్న ఫోన్‌లో.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 'గూంజ్' అని పిలిచే ఈ తిప్పలకు మందు చాలావరకు ఈ ఒక్క విషయంలోనే ఉంది. ఎకో ఎవరికి వినిపిస్తుందో వాళ్ల ఫోన్ దాదాపుగా బాగానే ఉంటుంది. వినిపించని వాళ్ల దగ్గరే లోపం ఉంటుంది. మనకు బాధ లేదు కాబట్టి మన ఫోన్ బాగుంది అనుకోవడం సహజం. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది.

జరిగేది ఇది. రియాద్‌లో కొడుకు మాట్లాడిన మాట లక్సెట్టిపేటలో అమ్మీ ఫోన్ స్పీకర్ నుంచి బయటికి వస్తుంది. చాలా ఫోన్లలో కింది అంచునే స్పీకర్, ఆ పక్కనే మైక్ ఉంటాయి. రెండింటి మధ్య వేలెడంత దూరం కూడా ఉండదు. స్పీకర్ నుంచి వచ్చిన కొడుకు గొంతును అమ్మీ ఫోన్ మైక్ మళ్లీ పట్టుకుని, అమ్మీ మాటతో కలిపి వెనక్కి పంపిస్తుంది. అది అతని చెవికి చేరేసరికి సెకనులో కొంత భాగం గడిచిపోతుంది. ఆ ఆలస్యం వల్లే అతనికి తన మాట రెండోసారి వేరుగా వినిపిస్తుంది. మాట్లాడే మనిషికి తన మాటే వెనుక నుంచి వస్తుంటే నాలుక తడబడుతుంది, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేక ఆస్పత్రి రిపోర్టు గురించి చెబుతున్నప్పుడో, డబ్బు ఎంత పంపాలో మాట్లాడుతున్నప్పుడో ఇలా జరిగితే సగం మాట అర్థం కాదు, సగం మాట తప్పుగా అర్థమవుతుంది.

నెట్‌వర్క్‌ను తిట్టే ముందు ఒక మాట. నెట్ స్లోగా ఉండటం వల్ల ఎకో పుట్టదు. పుట్టిన ఎకోను అది ఇంకా ఆలస్యంగా తెచ్చిస్తుంది కాబట్టి మరింత స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. ఫోన్ సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతుంది. ఒకే గదిలో పదిమంది ఒకే వైఫై మీద వీడియో కాల్స్ మాట్లాడుకునే చోట ఆలస్యం అంతకు మించిపోవడం వింతేమీ కాదు.

పాత ఐఎస్‌డీ బూత్‌ల కాలం గుర్తున్న పెద్దవాళ్లకు ఈ ఎకో కొత్త కాదు. అప్పట్లో విదేశీ కాల్స్ ఎన్నో ఉపగ్రహం మీదుగా వెళ్లేవి. ఆ ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట పైకి వెళ్లి కిందికి దిగడానికే పావు సెకను పడుతుంది, తిరిగొచ్చే ఎకోకు అర సెకను. ఈ తిప్పలకు మందు కనిపెట్టిన వాళ్లలో ఒకరు మన దేశం మనిషే. ఢిల్లీ యూనివర్సిటీలో, బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన్ మోహన్ సోంధీ. లైన్‌లో ఎకో ఎలా ఏర్పడుతుందో తనంతట తానే నేర్చుకుని, వచ్చిన శబ్దం నుంచి దాన్ని తీసేసే పద్ధతి గురించి ఆయన పరిశోధనా పత్రం 1967లో వెలువడింది. ఈరోజు మన జేబులో ఉన్న ఫోన్‌లోనూ దాదాపు అదే ఉపాయం నడుస్తోంది. స్పీకర్‌కు ఏ శబ్దం పంపిందో ఫోన్‌కు తెలుసు. మైక్‌లోకి వచ్చిన దానిలో ఆ శబ్దం ఎంత కలిసిందో అంచనా వేసి, అంతమేరకు తీసేస్తుంది. మిగిలింది అమ్మీ మాట. దాన్నే పంపిస్తుంది.

అంటే ప్రతి ఫోన్‌లోనూ ఎకోను ఆపే ఏర్పాటు ముందే ఉంది. అది ఓడిపోయినప్పుడే ఎకో వస్తుంది. ఎందుకు ఓడిపోతుందో తెలిస్తే చాలా సందర్భాల్లో పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

ముందు పట్టుకోవాలి

గ్రూప్ కాల్‌లో లక్సెట్టిపేటలో అమ్మీ, హైదరాబాద్‌లో కూతురు, రియాద్‌లో కొడుకు ఉన్నారనుకుందాం. కొడుకుకు ఎకో వస్తోంది. అతను ఆపకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఉండాలి. అమ్మీ తన ఫోన్‌లో మైక్ బొమ్మ నొక్కి మ్యూట్ చేయాలి. ఎకో ఆగిపోతే అది అమ్మీ ఫోన్ నుంచే వస్తున్నట్టు. ఆగకపోతే అమ్మీ మ్యూట్ తీసేసి, బాజీ మ్యూట్ చేయాలి. నిమిషంలో తేలిపోతుంది. ఇద్దరే మాట్లాడుకునేటప్పుడైతే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అవతలి ఫోనే.

ఒకటి మాత్రం వేరు. మీ గొంతు ఆలస్యం లేకుండా, మాట్లాడుతుండగానే మీ ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తే అది మీ వైపుదే. కొన్ని హెడ్‌సెట్‌లు కావాలనే అలా వినిపిస్తాయి. అలాగే అవతలివాళ్ల గొంతు బావిలో నుంచి వచ్చినట్టు ఉంటే అది ఎకో కాదు, వాళ్లున్న గది సంగతి. టైల్స్ నేల, స్లాబు, ఉత్త గోడలు ఉన్న గదిలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటుంది. పరుపు, పరదాలు, బట్టల బీరువా ఉన్న గదిలోకి వచ్చి మాట్లాడితే సగం తగ్గుతుంది.

ఇంట్లో వైపు చేయాల్సినవి

అన్నిటికంటే ముందు వాల్యూమ్. దాదీకి, నానీకి సరిగా వినపడదని స్పీకర్ పూర్తిగా పెంచేస్తారు. చిన్న స్పీకర్ తన శక్తికి మించి మోగినప్పుడు శబ్దం పగులుతుంది. ఫోన్ పంపిన శబ్దం ఒకటి, స్పీకర్ నుంచి వచ్చింది ఇంకొకటి అవుతుంది. అప్పుడు ఎకోను తీసేసే ఏర్పాటు లెక్క తప్పుతుంది. రెండు మూడు మెట్లు తగ్గించి చూడండి. పెద్దవాళ్లకు అప్పుడు వినిపించకపోతే స్పీకర్ పెంచడం కాదు, వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టడమే సరైన మందు. శబ్దం చెవిలోకే వెళ్తుంది, మైక్‌కు చేరదు, ఎకోకు దారే ఉండదు. ఇంటి మాటలు పక్కింటికి వినిపించవన్నది అదనపు లాభం. అయితే మరీ చౌక ఇయర్‌ఫోన్లలో శబ్దం వైరులోనే మైక్ వైపు కారుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టినా ఎకో పోకపోతే ఇంకొకటి మార్చి చూడాలి.

తర్వాత ఫోన్ ఎక్కడ పెట్టారన్నది. చేతులు ఖాళీగా ఉండాలని ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టడం, పళ్లెంకు ఆనించడం వంటింట్లో మామూలే. కానీ గ్లాసులో పెడితే స్పీకర్ శబ్దం లోపలే తిరిగి నేరుగా మైక్‌లో పడుతుంది. ఫోన్ కింది భాగం దేనికీ తగలకుండా స్టాండ్‌లో పెట్టాలి, లేదా కింద మడతపెట్టిన తువ్వాలు వేయాలి. చేత్తో పట్టుకుని మాట్లాడేటప్పుడు కింది అంచును అరచేత్తో మూసేయడం కూడా ఇలాంటిదే. కాల్ మధ్యలో ఫోన్‌ను అటూ ఇటూ తిప్పినా, మంచం మీది నుంచి బల్ల మీదికి మార్చినా శబ్దం వెళ్లే దారి మారిపోతుంది. ఫోన్ ఆ కొత్త దారిని మళ్లీ నేర్చుకునే వరకు కొద్ది సెకన్లు ఎకో వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

మందపాటి కవర్ మీద అనుమానం వేయడం మంచిది. చాలా ఫోన్లకు కింద ఒక మైక్, పైన ఇంకో మైక్ ఉంటాయి. పైదాని రంధ్రం చాలా చిన్నది, అది ఉందనే ఎక్కువ మందికి తెలియదు. రంధ్రం సరిగా లేని కవర్ వేస్తే అది మూసుకుపోతుంది. స్పీకర్ శబ్దం కూడా కవర్‌కూ ఫోన్‌కూ మధ్య సందులోంచి పాకి మైక్‌కు చేరుతుంది. కవర్ తీసేసి ఒక కాల్ చేసి చూడటానికి ఏ ఖర్చూ లేదు. రంధ్రంలో పిండి, దుమ్ము చేరితే పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా తుడవాలి. పిన్నీసు, సిమ్ తీసే పిన్ను మాత్రం పెట్టొద్దు. సిమ్ రంధ్రం అనుకుని మైక్ రంధ్రంలో పిన్ను గుచ్చి ఉన్న మైక్‌ను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఒకే గదిలో రెండు ఫోన్లు

మంగ్నీ రోజో, వలీమా రోజో గల్ఫ్‌లో ఉన్న అబ్బాకు, భాయ్‌కు చూపించాలని గ్రూప్ కాల్ పెడతారు. ఒకే గదిలో అక్క ఫోన్, మరదలి ఫోన్, పిల్లల ట్యాబ్ అన్నీ అదే కాల్‌లో చేరతాయి. మరుక్షణం కీచుమని సీటీ కొట్టినట్టు మోత. ఇది ఎకో కంటే ఒక మెట్టు ఎక్కువ. మైక్ పట్టిన శబ్దం స్పీకర్‌లో వచ్చి, మళ్లీ మైక్‌లో పడి, ప్రతిసారీ పెరుగుతూ గుండ్రంగా తిరుగుతుంది. సభల్లో మైక్ పట్టుకుని స్పీకర్ బాక్స్ ముందుకు నడిస్తే వచ్చే మోత ఇదే. డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. ఫోన్‌లోని ఏర్పాటు ఇక్కడ ఎందుకు పనిచేయదంటే, అక్క ఫోన్‌కు తన స్పీకర్ గురించి తెలుసు కానీ పక్కనున్న మరదలి ఫోన్ స్పీకర్ ఏం మోగిస్తుందో తెలియదు.

ఇక్కడే చాలామంది సగం పని చేసి ఆగిపోతారు. రెండో ఫోన్ మైక్ మ్యూట్ చేస్తారు, అయినా మోత తగ్గదు. ఎందుకంటే మొదటి ఫోన్ మైక్ పట్టింది రెండో ఫోన్ స్పీకర్‌లో వస్తూనే ఉంటుంది, అది మళ్లీ మొదటి మైక్‌లో పడుతూనే ఉంటుంది. మైక్ మ్యూట్‌తో పాటు వాల్యూమ్ కూడా పూర్తిగా తగ్గించాలి. గదిలో ఒక్క ఫోన్‌కే మైక్, స్పీకర్ ఉండాలి, మిగతావి బొమ్మ చూడటానికే. రెండో ఫోన్‌ను వేరే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసినా సరిపోతుంది. నిఖా లాంటి చోట ఒక్కో మాట స్పష్టంగా వినిపించడం అవసరం కాబట్టి ఈ ఏర్పాటు జనం చేరకముందే చూసుకుని, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో ఒకసారి మాట్లాడి పెట్టుకుంటే మేలు.

ఎకో లేదు కానీ మాట మధ్యలో కట్ అవుతుందనే ఫిర్యాదు కూడా తరచూ వింటాం. దానికి కారణం కూడా చాలాసార్లు ఇదే ఏర్పాటు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఏది ఎకో, ఏది అసలు మాట అని ఫోన్‌కు తికమక అవుతుంది. అనుమానం వస్తే అసలు మాటనే కొంచెం నొక్కేస్తుంది. పిల్లలందరూ ఒకేసారి "అబ్బా, అబ్బా" అని అరుస్తున్నప్పుడు అవతల ఏమీ అర్థం కాకపోవడం అందుకే. ఐఫోన్ వాడేవాళ్లకు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి కాల్ మధ్యలో కంట్రోల్ సెంటర్‌లో మైక్ మోడ్ అని ఉంటుంది. అందులో వైడ్ స్పెక్ట్రమ్ పెట్టి ఉంటే గదిలో ప్రతి చప్పుడూ వెళ్తుంది. వాయిస్ ఐసొలేషన్ పెట్టుకోవాలి.

యాప్ కూడా ఒకసారి మార్చి చూడొచ్చు. కొన్ని యాప్‌లు ఫోన్ సొంత ఏర్పాటును వాడుకుంటాయి, కొన్ని తమది తెచ్చుకుంటాయి. అందుకే ఒకే ఫోన్‌లో ఒక యాప్‌లో ఎకో వచ్చి, ఇంకోదాంట్లో రాకపోవచ్చు. సౌదీలో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం 2017 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. దుబాయ్, అబుధాబిలో ఉన్నవాళ్లకు అంత స్వేచ్ఛ లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. వీపీఎన్ పెట్టి మాట్లాడదామనుకుంటే అక్కడి చట్టంతో చిక్కు వస్తుంది, ఎకో కోసం ఆ పని చేయొద్దు.

ఇవన్నీ చేసినా ఒకే ఫోన్ నుంచి, స్పీకర్ ఆఫ్ చేసి చెవికి పెట్టుకుని మాట్లాడినా ఎకో వస్తుంటే లోపం ఫోన్ లోపలే ఉంది. ఈ మధ్య ఆ ఫోన్‌కు చార్జింగ్ పిన్ మార్పించారా అన్నది గుర్తు చేసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో చార్జింగ్ పోర్టు, కింది మైక్ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. చార్జింగ్ ఎక్కడం లేదని ఆ బోర్డు మార్చినప్పుడు మైక్ కూడా మారిపోతుంది. మైక్ చుట్టూ ఉండే చిన్న రబ్బరును తిరిగి పెట్టకపోతే స్పీకర్ శబ్దం ఫోన్ లోపలి నుంచే మైక్‌కు చేరుతుంది. కవర్ తీసినా, వాల్యూమ్ తగ్గించినా అది పూర్తిగా పోదు. రిపేర్ షాపులో "ఎకో వస్తుంది" అని మాత్రమే చెబితే సాఫ్ట్‌వేర్ కొట్టించమంటారు. "చార్జింగ్ బోర్డు మార్చినప్పటి నుంచి వస్తుంది, మైక్ రబ్బరు ఉందో లేదో చూడండి" అని చెప్పండి. డబ్బు ఇచ్చే ముందు కౌంటర్ దగ్గరే నిలబడి గల్ఫ్‌కు ఒక కాల్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, ఎకో పోయిందో లేదో అవతలివాళ్లను అడగండి. షాపులో ఉన్న మీకు అది ఎలాగూ వినిపించదు.