ఉప్పునీటి తొట్టెలో పాచి

మంచినీటి చేపలను ఇంట పెంచువారు మన జిల్లాలో పలువురు కలరు. సముద్రపునీటితో అద్దాల తొట్టె నింపి రంగుచేపలను పెంచువారు కొలదిమందియే. వారందరు నడుగు ప్రశ్న మాత్ర మొక్కటే: "ఈ పాచి పోవుటకు మందేమి?" మందు సంగతి పిమ్మట చెప్పెదను. పాచి యేల పుట్టునో ముందు చూతము.

క్రొత్త తొట్టెలో మొదట కానవచ్చు గోధుమరంగు పొర డయాటము లనునవి. వీనికి సిలికాతో నేర్పడిన పెంకు ఉండును. ఆవిరియైన నీటికి బదులుగా బావినీరు పోసినచో, అందలి సిలికా వలన ఇవి వృద్ధిపొందును. అది తరిగినపిదప తామే పోవును. పిమ్మట వచ్చు పచ్చని వెండ్రుకలవంటి నాచు మొండిది. ఎఱ్ఱని జిగటదుప్పటివలె ఇసుకపై పరచుకొనునది నిజముగ నాచు కాదు. అది సయనోబాక్టీరియా అను సూక్ష్మజీవుల సమూహము.

వీనికి ముఖ్యముగ కావలసినవి వెలుతురు, నైట్రేటు, ఫాస్ఫేటు. చేపలు విడిచిన మేతయు, వాని విసర్జనములును కుళ్ళి ఈ పోషకములగును. 1950–60 నడుమ లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని పరిశోధకులును విశాఖతీరమును పరిశీలించిరి. వేసవి తొలిదినములలో గాలి ఒడ్డు వెంబడి వీచునపుడు అడుగునీరు పైకి వచ్చునని వారు చూపిరి. ఆ నీటితోబాటు పోషకములు వెలుతురు తగులు చోటికి చేరి, డయాటములు విస్తారముగ పెరుగును. కడలిలో వానిని మేయుటకు లెక్కలేనన్ని ప్రాణులున్నవి. మూడడుగుల తొట్టెలో మేయువారెవరు?

కావున నీరు తెచ్చుకొను చోటు ముఖ్యము. కళింగపట్నమున వంశధారయు, కల్లేపల్లి చెంత నాగావళియు సముద్రమున కలియును. వరదదినములలో అచ్చటి నీటిలో బురదయు, పొలముల ఎరువును ఉండును, ఉప్పదనము తగ్గును. నదీముఖములకు దూరముగ, వేసవిలో తెచ్చుకొనుట మేలు. సాపేక్షసాంద్రత 1.020 నుండి 1.025 వరకు ఉండవలెను. తగ్గినచో నౌపడ ఉప్పు కలుపుదమా యని కొంద రడుగుదురు. మడిలో ఉప్పు గడ్డకట్టునపుడు మెగ్నీషియము లవణములలో పెక్కుభాగము చేదునీటిలోనే మిగిలిపోవును. ఆ ఉప్పు కూరకు చాలును గాని తొట్టెకు చాలదు.

దీపము దినమునకు ఎనిమిది గంటలు మించరాదు. తొట్టెను కిటికీయెండకు దూరముగ నుంచవలెను. రెండు నిమిషములలో తినగలిగినంతయే మేత వేయవలెను. మన యిండ్లలో పిల్లలు ముచ్చటపడి వేయు మేతయే సగము పాచికి మూలము! నాచును చేతితో పెరికి, గొట్టముతో అడుగుమడ్డిని లాగి, వారమునకు పదవవంతు నీరు మార్చవలెను. సముద్రపు నత్తలు అద్దమును చక్కగ గీకును. ముల్లును ముల్లుతో తీసినట్లు, ప్రక్కన వేరొక చిన్నతొట్టెలో పెద్దజాతి సముద్రపునాచును పెంచి, ఆ నీటిని ఇందులోనికి త్రిప్పుచు, పెరిగినదానిని కోసివేయుటయు మంచి పద్ధతియే. పోషకములు దానితో బయటికి పోవును.

ఇక మందు. మైలుతుత్తము చెరువులలో వాడుదురు గదా యని తొట్టెలో వేయరాదు. అందలి రాగి నత్తలను, రొయ్యలను చంపును. రాళ్ళలో ఇంకి, చాలకాలము మరల నీటిలోనికి వచ్చుచుండును. అదియునుగాక ఒక్కసారిగ చచ్చిన పాచి కుళ్ళి ప్రాణవాయువును హరించును. తెల్లవారుసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండును. ఎఱ్ఱ జిగటకు మాత్రము మూడు దినములు దీపమార్పి, తొట్టెపై గుడ్డకప్పి చూడవచ్చును. ఆ మూడు దినములును గాలిపంపు ఆగకూడదు. కరెంటు పోవు ఊళ్ళలో బ్యాటరీతో నడచునది యొకటి దగ్గర నుంచుకొనవలెను.