పాత పటం చెప్పే పాతబస్తీ

హైదరాబాద్ పాతబస్తీలో తలాబ్‌కట్ట అనే పేట ఉంది. అక్కడ ఇప్పుడు తలాబూ లేదు, కట్టా లేదు. మీర్ జుమ్లా చెరువు ఉండిన నేలంతా ఇళ్లు, సందులు, దుకాణాలు. చెరువు ఎంత మేర పరుచుకుని ఉండేదో ఎన్ని గల్లీలు తిరిగినా తేలదు. పాత పటం తెరిస్తేనే దాని ఒడ్డు దొరుకుతుంది.

హైదరాబాద్‌కు అలాంటి పటాలు ఉండటం మన అదృష్టం. వాటి వెనుక మాత్రం పెద్ద విషాదం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. నది పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. పై చెరువు నీరు కింది చెరువు కట్టను తెంచుకుంటూ వచ్చి నగరం మీద పడింది. చనిపోయినవారు 15,000 వరకూ ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మళ్లీ వరద రాకుండా ఏం చేయాలో ఇంజినీర్ విశ్వేశ్వరయ్య నివేదిక ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. వీధి వెడల్పు చేయాలన్నా, మురుగు కాలువ తవ్వాలన్నా ఏ గోడ ఎక్కడుందో ముందు తెలియాలి. ఆ కొలత బాధ్యత లెనార్డ్ మన్‌ది. ఆయన గనుల నిపుణుడు, నిజాం రాజ్యంలో భూగర్భ సర్వేకూ నాయకత్వం వహించారు. 1912-15 ప్రాంతంలో తయారైన ఆ వందలాది షీట్లను ఇవాళ మన్ పటాలు అంటున్నారు.

వాటి విలువంతా స్కేలులో ఉంది. అంగుళానికి ఒక మైలు చొప్పున గీసిన పటంలో నేల 63,360 రెట్లు కుదించుకుపోతుంది. పదడుగుల గల్లీని దాంట్లో కొలత ప్రకారం గీస్తే తలవెంట్రుకంత కూడా రాదు. అదే అంగుళానికి 50 అడుగులైతే కుదింపు 600 రెట్లే. గల్లీ 5 మిల్లీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. మన్ పటాల్లాంటి మునిసిపల్ సర్వేలు ఈ రెండో కోవకు చెందుతాయి. అందుకే వాటిలో ఇళ్లు, బావులు, చెట్లు విడివిడిగా కనిపిస్తాయి.

ఆ రోజుల్లో కొలత కోణాలు చూపే థియోడలైట్‌తో, పొడవు చూపే గొలుసుతో. గల్లీలో గొలుసును తిన్నగా పరిచి, దాని నుంచి ఇంటి మూలకు లంబంగా ఎన్ని అడుగులో పుస్తకంలో రాసుకుంటారు. గల్లీ వంపు తిరిగినచోట కోణం కొలిచి కొత్త గీత మొదలుపెడతారు. అలా చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తారు. నాలుగు భుజాల చుట్టు అయితే లోపలి కోణాల మొత్తం 360 డిగ్రీలు రావాలి, అయిదైతే 540. రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ఈ తనిఖీ ఉంది కాబట్టే నూరేళ్ల నాటి కాగితాన్ని నేటికీ నమ్మవచ్చు.

ఇప్పుడా కాగితాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరచాలి. రెండింటిలోనూ ఒకే చోట ఉన్న గుర్తులు కావాలి. పటాన్ని జరపడానికి, తిప్పడానికి, సాగదీయడానికి, ఏటవాలు సరిచేయడానికి ఆరు సంఖ్యలు చాలు. ఒక్కో గుర్తు రెండు సమీకరణాలు ఇస్తుంది కనుక మూడు గుర్తులుంటే లెక్క తేలుతుంది. తేలిన లెక్క ఎంత సరైనదో చూడటానికి మరికొన్ని గుర్తులు తీసుకుంటారు. ఇక్కడ చార్మినార్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పని జరగదు. దాని నాలుగు మూలలూ మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి కనుక, అక్కడి చిన్న తేడా నగరం అంచుకు చేరేసరికి పెద్దదవుతుంది. గుర్తులు నాలుగు దిక్కులా చెదిరి ఉండాలి, పటం కంటే పాతవై ఉండాలి. 1578 నాటి పురానాపూల్, మక్కా మసీదు, దబీర్‌పురా దర్వాజా అందుకు సరిపోతాయి. వరద తర్వాత రూపుదిద్దుకున్న పత్తర్‌గట్టీ బజారు సరిపోదు.

పటం పరిచాక మొదట వెతకాల్సింది నగర ప్రాకారం. చుట్టుకొలత సుమారు 6 మైళ్లు. దాని పెద్ద దర్వాజాల్లో నేడు నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. మిగతా గోడ ఏ వీధి పక్కన నడిచిందో, ఏ ఇళ్ల కింద కలిసిపోయిందో పటం చూపిస్తుంది. ఆ తర్వాత నా దృష్టిలో ముఖ్యమైనవి బావులు. పూడ్చిన బావిలో మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది; దాని మీద పడిన పునాది బీటలివ్వవచ్చు. పల్లపు నేలలనూ పటంలో వెతకాలి. 2020 అక్టోబర్ వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి పాతబస్తీ దక్షిణాన కాలనీలు మునిగాయి. అక్కడ ఇల్లు కొనేముందు పాత పటం చూసే ఆనవాయితీ ఉండి ఉంటే బాగుండేది.

అయితే పటం అన్నీ చెప్పదు. ఆ ఇళ్లలో అద్దెకున్నదెవరో, వీధి వారన కూర్చుని అమ్ముకున్నదెవరో దానికి పట్టలేదు. పన్నులకూ కాలువలకూ అవసరమైనది కొలిచారు, మిగతాది వదిలేశారు. ఆ వెలితిని కుటుంబాల దగ్గరున్న కాగితాలే పూడ్చగలవు.

మీ ఇంట్లో పాత విక్రయ పత్రమో, మునిసిపాలిటీ మంజూరు చేసిన ఇంటి ప్లానో ఉంటే పారేయకండి. చదునుగా పరిచి, సరిగ్గా పైనుంచి, నాలుగు మూలలూ ఉత్తర దిక్కు గుర్తూ పడేలా, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి. అందులోని పాత గల్లీ పేరు ఇప్పుడు ఏ వీధిదో మీ ఇంటి పెద్దలను అడిగి, ఫోటోతోపాటు రాసి పెట్టండి.