మాదకద్రవ్యాల కేసులు: శిక్ష తగ్గింపునకు గల మార్గాలు

మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో పార్లమెంటు చేసిన చట్టం శిక్షల విషయంలో మిక్కిలి కఠినమైనది. 1989లో దానికి చేర్చిన 32-ఎ సెక్షను మరింత కఠినం. మాదకద్రవ్యాన్ని సేవించిన నేరానికి తప్ప, ఈ చట్టం కింద పడిన శిక్షను నిలిపివేయడానికి గాని, తగ్గించడానికి గాని ఆ సెక్షను వీలు కల్పించలేదు. సత్ప్రవర్తనకు ప్రతిఫలంగా ఇతర ఖైదీలు పొందే రోజుల మినహాయింపు ఈ ఖైదీలకు లేకుండా పోయింది.

2000లో సుప్రీంకోర్టు ఈ సెక్షనును పరిశీలించింది. అప్పీలు విచారణలో ఉండగా శిక్షను నిలిపే అధికారాన్ని న్యాయస్థానాల నుండి తొలగించడం రాజ్యాంగ విరుద్ధమని నిర్ణయించింది. ప్రభుత్వం ఇచ్చే మినహాయింపుపై నిషేధాన్ని మాత్రం సమర్థించింది. అయితే రాజ్యాంగంలోని 72, 161 అధికరణాలు రాష్ట్రపతికి, గవర్నర్లకు ప్రసాదించిన క్షమాధికారానికి ఈ నిషేధం అడ్డు రాదు.

2001 నాటి సవరణ శిక్షను సరుకు పరిమాణంతో ముడిపెట్టింది. గంజాయి 20 కిలోలు మించితే అది వాణిజ్య పరిమాణం. దానికి కనీస శిక్ష 10 సంవత్సరాల కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. అప్పీలులో ఎంతటి జాలిగొలిపే కారణం చూపినా, నేరం రుజువైతే శిక్ష ఆ మేరకు దిగువకు రాదు. ఆ పైన విధించిన శిక్షను తగ్గించమని మాత్రం కోరవచ్చును.

జరిమానా చెల్లించలేని నిరుపేద అదనంగా మరికొంత కాలం జైలులో ఉండవలసి వస్తుంది. 2012లో ఒక అప్పీలులో సుప్రీంకోర్టు 15 సంవత్సరాల శిక్షను 10కి, జరిమానా చెల్లించనందుకు విధించిన 3 సంవత్సరాలను 6 నెలలకు తగ్గించింది. కనుక పేదవాని అర్జీలో ఈ అంశాన్ని విడిగా ప్రస్తావించడం అవసరం. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార చట్టం ప్రకారం కలదు.