థొరోంగ్ లా దారిలో తలనొప్పి వస్తే

తిరుమల మెట్లన్నీ ఆగకుండా ఎక్కానని చెప్పుకునే కుర్రవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. సంతోషం. కాని తిరుమల సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపే. నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాలను చుట్టివచ్చే నడకదారిలో థొరోంగ్ లా అనే కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అక్కడ కాళ్ల బలం ఒక్కటే చాలదు.

గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి 21 వంతులు. పైకి వెళ్లేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. కనుమ మీద అది సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు సగం. అంటే ప్రతి ఊపిరికీ సగం ప్రాణవాయువే అందుతుందన్నమాట. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని, అందుకు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా ఎక్కేవారికి వచ్చేదే కొండజబ్బు.

మొదట తలనొప్పి. దానితోపాటు వికారం, అన్నహితవు లేకపోవడం, తల తిరగడం, నిస్సత్తువ. చాలామంది ఎండ తగిలిందనో, తిండి పడలేదనో సరిపెట్టుకుని, ఒక మాత్ర మింగి ముందుకు నడుస్తారు. ప్రమాదమంతా ఇక్కడే. అంత ఎత్తులో వచ్చిన తలనొప్పిని, వేరే కారణం తేలేదాకా, కొండజబ్బుగానే భావించాలి. అది తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. రోజూ వ్యాయామం చేసేవాడికి రాదనుకోవడం భ్రమ. త్వరత్వరగా ఎక్కగలిగేది అతడే కనుక చిక్కులో పడేదీ తరచు అతడే!

జబ్బు ముదిరిందేమోనని అనుమానం వస్తే రోగిని మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవమనండి. తూలితే మెదడు వాచిందని అనుమానించాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, దగ్గు, పెదవులు నీలంగా మారడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్లే. రెండూ ప్రాణాంతకమే, రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. రాత్రయినా సరే, తోడు ఇచ్చి వెంటనే దింపాలి. ఆక్సిజన్, ఇంజక్షన్లు దొరికితే మంచిదే. వాటికోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

3,000 మీటర్లు దాటాక, నిద్రచేసే చోటు ముందురాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. 3,540 మీటర్ల ఎత్తున్న మనాంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఆగాలి. యాత్రల కాలంలో అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్యశాల నడుస్తుంది. కనుమ అడుగున థొరోంగ్ ఫేది అనే మజిలీ ఉంది. ఇక్కడ తలనొప్పితో ఉన్నవాడికి ఒక దురాలోచన పుడుతుంది: 'కనుమ దాటితే అవతల అంతా దిగుడే కదా!' నిజమే, ముక్తినాథ్ వైపు 1,600 మీటర్ల దిగుడు. కాని దానికి ముందు దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. అతడు దిగవలసింది వెనక్కి, మనాంగ్ వైపు.

నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి కనుక ముక్తినాథ్‌కు మనవాళ్లూ వెళ్తుంటారు. పోఖరా నుంచి విమానంలో జోమ్‌సోమ్, అక్కడినుంచి జీపులో అదేరోజు 3,700 మీటర్ల పైకి! జోమ్‌సోమ్‌లో ఒక రాత్రైనా పడుకుని వెళ్లడం మేలు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు బయలుదేరకముందే డాక్టరుకు చూపించుకోవాలి. చన్నీటి ధారల కింద స్నానం వారికి మంచిది కాదు. పనిలోపనిగా కనుమ కూడా చూసివద్దామని అటునుంచి ఎక్కడం ఎవరికీ మంచిది కాదు.

ఎసిటజోలమైడ్ మాత్ర శరీరం అలవాటుపడటానికి తోడ్పడుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని మజిలీలు తగ్గించకండి. నిద్రమాత్రలు, మద్యం అక్కడ ముట్టరాదు.

అన్నిటికంటే ముఖ్యం, చేతిలో రెండు మూడు రోజులు అదనంగా ఉంచుకోవడం. తిరుగు టిక్కెట్టు తేదీ తరుముతుంటే తలనొప్పిని దాచుకునేవారే ఎక్కువ. ఆ రోజులు వాతావరణానికీ పనికొస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖను కూల్చిన హుద్‌హుద్ తుఫాను శేషమే, రెండు రోజుల తరువాత ఈ కనుమ ప్రాంతంలో మంచుగా కురిసి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. సామాను మోసే కూలీకి కూడా కొండజబ్బు వస్తుంది. అతడు పని పోతుందని చెప్పడు, మీరే అడగండి.