మీకు తెలుసా? మంద కాసే మహాకాయం, టిబెటన్ మాస్టిఫ్

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ డాకుల పక్కనున్న వాట్‌గంజ్‌కు ఆ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. 1780 ప్రాంతంలో ఇక్కడ ఓడలు కట్టే రేవు పెట్టిన ఇంజనీరు ఆయన. 1780 ఆగస్టులో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ఆయనంటే గిట్టని ఫిలిప్ ఫ్రాన్సిస్ ఆలీపూర్‌లో పిస్తోళ్లతో ద్వంద్వ యుద్ధానికి దిగితే, ఫ్రాన్సిస్ పక్షాన తోడుగా నిలబడింది ఈ వాట్సనే. కుక్క కథ చెబుతానని ఈ దొరల గొడవ ఎందుకంటారా? టిబెట్‌లో మందలు కాసే భారీ కుక్క గురించిన కబుర్లు ఇంగ్లండుకు చేరిన దారుల్లో ముఖ్యమైనది ఆ కాలపు కలకత్తా మీదుగానే సాగింది.

● హేస్టింగ్స్ 1774లో జార్జ్ బోగల్ అనే యువ ఉద్యోగిని కలకత్తా నుంచి టిబెట్‌కు రాయబారిగా పంపాడు. వ్యాపారానికి దారి వెతకమన్నాడు. దాంతోపాటు శాలువల ఉన్నినిచ్చే మేకల్నీ, జడల బర్రెల్నీ పంపమని పురమాయించాడు. 1783లో అదే దారిన వెళ్లిన శామ్యూల్ టర్నర్, ఒకచోట వరసగా చెక్క బోనులు, వాటిలో హోరెత్తిస్తున్న పెద్ద పెద్ద టిబెట్ కుక్కలు చూశానని 1800లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. 1847లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ‘సిరింగ్’ అనే టిబెట్ కుక్కను ఏకంగా విక్టోరియా రాణికే కానుకగా పంపాడు. వీళ్లందరికంటే దాదాపు ఐదు వందల ఏళ్ల ముందే మార్కో పోలో, టిబెట్ కుక్కలు గాడిదంత ఉంటాయని చెప్పి ఉన్నాడు. యాత్రికుల మాటల్లో కొంత ఉప్పూకారం కలిపి ఉంటుందనుకోండి.

● అసలు కొలతలు ఇవి. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య లెక్క ప్రకారం మగకుక్క భుజం దగ్గర కనీసం 66 సెంటీమీటర్ల ఎత్తుండాలి, ఆడకుక్క 61. మగవాటి బరువు సాధారణంగా 40 నుంచి 68 కిలోల దాకా ఉంటుంది. విశాలమైన తల, వేలాడే చెవులు, వీపు మీదికి చుట్ట తిరిగే గుబురు తోక. మగకుక్కల మెడ చుట్టూ జూలు దట్టంగా ఉంటుంది. రంగు నలుపు, నలుపు మీద గోధుమ మచ్చలు, నీలి బూడిద, బంగారు వన్నె.

● ఆ జూలు చూసి మోసపోయినవాళ్లూ ఉన్నారు. 2013 ఆగస్టులో చైనా హెనాన్ రాష్ట్రంలోని లూహె పట్టణపు జంతు ప్రదర్శనశాలలో ‘ఆఫ్రికా సింహం’ అని బోర్డు ఉన్న బోనులోంచి మొరుగు వినిపించింది. లోపలున్నది టిబెటన్ మాస్టిఫ్!

● ఇది మందను తోలదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కోలీ లాంటి కుక్క గొర్రెల్ని కళ్లతో బెదిరించి, చుట్టూ తిరిగి, కాపరి చెప్పిన వైపు నడిపిస్తుంది. అది వేటాడే బుద్ధిని సగంలో ఆపి పనికి వాడుకోవడం. మందకాపు కుక్కలో అసలు ఆ బుద్ధే లేవకూడదు. గొర్రె పరుగెత్తితే వెంటపడే కుక్క కాపలాకు పనికిరాదు. అది మందలోనే పడుకుంటుంది, మందతోనే నడుస్తుంది, తోడేలు వాసన తగిలితే మందకూ దానికీ మధ్యన నిలబడుతుంది. చాలాసార్లు పోట్లాట దాకా పోదు కూడా. ఆ ఆకారం, ఆ అరుపు చాలు, తోడేలు ఆ రాత్రికి వేరే దిక్కు చూసుకుంటుంది. మరీ తప్పకపోతేనే కోర వాడుతుంది.

● ఈ గుణం సగం పుట్టుకతో వచ్చేది, సగం పెంపకంతో. కుక్కపిల్లకు మూడో వారం నుంచి నాలుగో నెల దాకా ఎవరితో కలిసి పెరిగితే వాళ్లే తనవాళ్లు. ఆ వయసులో గొర్రెల మధ్య వదిలితే గొర్రెలే దాని కుటుంబం. అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో 1970ల చివర్లో రేమండ్ కాపింగర్ బృందం రకరకాల దేశాల మందకాపు కుక్కల్ని పెంచి పరిశీలించి, మంచి కాపలా కుక్కకు మూడు లక్షణాలుండాలని తేల్చింది: మందను బాధించకపోవడం, మందను వదలకపోవడం, ముప్పు వస్తే అడ్డు నిలవడం. మన గొల్లలూ కురుమలూ కుక్కపిల్లను మంద దగ్గర పెంచేటప్పుడు చూసేవీ ఇవే.

● పగలు నిద్ర, రాత్రి గస్తీ. టిబెట్ గుడారాల దగ్గర ఈ కుక్కల్ని పగలు గొలుసుతో కట్టేసి, చీకటి పడ్డాక వదిలే ఆచారం ఉంది. మెడకు జడల బర్రె వెంట్రుకలతో అల్లి, ఎర్ర రంగు అద్దిన కుచ్చుల పట్టీ కడతారు. చూడడానికి అలంకారంగా ఉంటుంది. మెడను తోడేలు పళ్లకు అందనివ్వదు కూడా.

● ఎదగడానికి తొందరపడదు. ఆడకుక్క పూర్తిగా ఎదగాలంటే రెండు మూడేళ్లు, మగదైతే కనీసం నాలుగేళ్లు. చాలా జాతుల ఆడకుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తే ఇది ఒక్కసారే వస్తుంది, తోడేలులాగా. పిల్లలు చలికాలంలో పుడతాయి. ఒత్తయిన లోబొచ్చు కూడా ఏడాదికోసారే, ఎండలు మొదలయ్యేటప్పుడు, దిండు చింపినట్టు రాలిపోతుంది.

● దాని నెత్తుట్లో తోడేలు వాటా ఉంది. నాలుగు వేల మీటర్ల పైన గాలి పలుచన. మామూలు ఒంట్లో అక్కడ ఎర్ర రక్తకణాలు విపరీతంగా పెరిగి రక్తం చిక్కబడుతుంది, గుండెకు భారమవుతుంది. ఆ ప్రమాదాన్ని అదుపులో ఉంచే ఒక జన్యు రూపం టిబెటన్ మాస్టిఫ్‌లో ఉంది. పీఠభూమి తోడేళ్లతో కలిసిన పాత సంకరాల వల్ల అది దానికి అబ్బిందని చైనా శాస్త్రవేత్తల పరిశోధనల్లో తేలింది. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే హీమోగ్లోబిన్ మార్పు కూడా తోడేలు నుంచే వచ్చిందని 2019లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ బృందం చూపించింది. తమాషా ఏమంటే, టిబెట్ మనుషులకూ, రక్తం చిక్కబడకుండా చూసే ఆ మొదటి జన్యువులోనే అలాంటి మార్పు ఉంది. వాళ్లకది డెనిసోవన్లు అనే అంతరించిపోయిన మానవజాతి నుంచి సంక్రమించింది. ఏ తోడేలును తరమడానికి ఈ కుక్కను పెంచారో, ఆ తోడేలు ఇచ్చిన బలంతోనే ఇది ఆ ఎత్తుల్లో ఊపిరి తీస్తోంది.

● తెలివైనదే, కానీ చెప్పిన మాట వినదు. పెంచేవాళ్లందరి ఫిర్యాదూ ఇదే. నాకైతే ఇందులో కుక్క తప్పేమీ కనపడదు. రాత్రి రెండు గంటలకు కాపరి గుడారంలో నిద్రపోతుంటే, ఎవడు దొంగ, ఎవడు దారి తప్పిన బాటసారి అన్నది ఈ కుక్కే తేల్చుకోవాలి. అడిగి చేసే కుక్క అక్కడ పనికిరాదు. తరాల తరబడి సొంత బుద్ధితో నడిచే కుక్కనే ఎంచి ఎంచి పెంచుకుని, ఇప్పుడు ‘కూర్చో’ అంటే కూర్చోలేదని తిట్టడం ఏం న్యాయం? ఇంటివాళ్లతో నెమ్మదిగా ఉంటుంది. కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. ఇంట్లో పిల్లలు స్నేహితులతో కుస్తీ పడుతుంటే దాడి అనుకుని అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇక రాత్రిపూట మొరగడం దాని ఉద్యోగం. వద్దంటే మానదు.

● మందకాపు కుక్కలు గొర్రెల్నే కాస్తాయని లేదు. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ తీరపు మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవిలో నక్కల దెబ్బకు వందల్లో ఉన్న చిట్టి పెంగ్విన్లు పదికి తక్కువైపోతే, 2006లో ఇటలీ జాతి మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టారు. పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. నమీబియాలో 1994 నుంచి చీతా సంరక్షణ సంస్థ రైతులకు టర్కీ జాతి అనటోలియన్ కుక్కల్ని ఇస్తోంది. మేకలు పోకపోతే రైతు చీతాను కాల్చడు కదా.

● చైనాలో ఒకప్పుడు ఇది కోటీశ్వరుల హోదా గుర్తు. 2014లో ఒక కుక్కపిల్ల కోటీ ఇరవై లక్షల యువాన్లు పలికిందని వార్తలొచ్చాయి. ఆ తర్వాత మోజు తీరింది, ధరలు కూలాయి. వదిలేసిన కుక్కలు టిబెట్ ఊళ్లలో గుంపులుగా తిరుగుతున్నాయి.

● మన దగ్గరా చిక్కు వచ్చింది. 2024 మార్చి 12న కేంద్రం ఇరవైకి పైగా కుక్క జాతుల్ని ప్రమాదకరమైనవిగా లెక్కగట్టి, వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది. కంగాల్, అక్‌బాష్, మధ్య ఆసియా షెపర్డ్ లాంటి మందకాపు జాతులు ఆ జాబితాలో ఉన్నాయి. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. క్రూరత్వం ఆ జాతిలో ఉందా, దాన్ని తెచ్చి అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేసినవాడి బుద్ధిలో ఉందా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

● దేశీ జాతుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. హిమాచల్ గద్దీలు, జమ్మూకాశ్మీర్ బకర్వాల్‌లు తమ పేర్లతోనే పిలిచే కాపలా కుక్కలతో కొండలెక్కుతారు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద బిళ్లలు విడుదల చేస్తే, వాటిలో హిమాలయన్ షీప్‌డాగ్‌కూ చోటు దక్కింది. మన కొల్లేరు ప్రాంతపు జోనంగి ఆకారంలో వీటి ముందు చిన్నదే, పొట్టి వెంట్రుకల కుక్క. బాతుల మందల్ని తోలేది. చేపల చెరువులు వచ్చి ఆ పని పోయాక, దాన్నీ జనం మరిచిపోతున్నారు.

● చివరగా వాట్‌గంజ్‌కే వద్దాం. అక్కడి ఎండకు ఈ కుక్క తట్టుకోగలదా? కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పుతూ వదులుకుంటుంది; నాలుక మీది తడి ఆరితేనే చల్లబడుతుంది. మే నెలలో అక్కడి హుగ్లీ నది ఒడ్డున 35 డిగ్రీలు దాటిన ఎండకు తడిగాలి తోడైతే ఆ తడి ఆరదు. రెండు పొరల బొచ్చుతో ఉన్న కుక్కకు వడదెబ్బ ప్రాణాంతకం. కోల్‌కతాలోనైనా, విజయవాడలోనైనా, వైజాగ్‌లోనైనా ఎవరైనా మీకు టిబెటన్ మాస్టిఫ్ పిల్లను అమ్మజూపితే కొనకండి. కాపలాకు కుక్క కావాలనుకుంటే మీ వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకుని, టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి పెంచుకోండి. మన ఎండ దానికి అలవాటే.