కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు

పిల్లలు ముచ్చటపడ్డారని వీధిలో తిరిగే కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవడం మన ప్రాంతంలో మామూలే. మైపాడు, కృష్ణపట్నం వంటి సముద్రతీర గ్రామాల్లో కుక్కలకు కొదవ లేదు. పట్టణాల్లో కొందరు వేల రూపాయలు పోసి జాతికుక్కలను కొంటున్నారు. ఈ రెండూ కాక మరో మార్గం ఉంది. దిక్కులేని జంతువులను చేరదీసే సంరక్షణ కేంద్రాల నుండి దత్తత తీసుకోవడం.

మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఇటువంటి సంస్థ 1996 నుండి ఉంది. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992లోను, చెన్నైలో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1959లోను మొదలయ్యాయి. నెల్లూరు వారికి వీటిలో దగ్గరిది చెన్నై.

దత్తత అంటే ఖర్చు లేదా?

కుక్కపిల్లను కొనే ఖర్చు ఉండదు. పెంచే ఖర్చు మాత్రం తప్పదు. అది పది, పన్నెండేళ్ల బాధ్యత. ముందుగా ఈ లెక్క వేసుకోండి:

1. రేబిస్ టీకా: మూడు నెలల వయసులో మొదటిది, డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన క్రమం తప్పకుండా ఏటేటా.
2. పార్వో, డిస్టెంపర్ టీకాలు: ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టాలి. ఇవి లేక ఎన్నో పిల్లలు రక్తవిరేచనాలతో చనిపోతాయి.
3. నట్టల మందు: కుక్క పేడలోని నట్టల గుడ్లు మట్టిలో కలిసి, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. కాలేయానికి, కంటికి హాని చేయగలవు.
4. కు.ని. ఆపరేషన్: ఆడకుక్క రెండు నెలలకే ఈనుతుంది. పుట్టిన పిల్లలను వీధిలో వదిలితే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

మంచి సంరక్షణ కేంద్రంలో వీటిలో కొన్ని ముందే జరిగి ఉంటాయి. ఏ టీకాలు వేశారో అడిగి, కార్డు తీసుకోండి. దత్తత వల్ల మీకు కలిగే మొదటి లాభం ఇదే. పైగా మన నాటుకుక్క మన ఎండకు, ఉక్కకు తట్టుకుంటుంది. దట్టమైన బొచ్చున్న జాతికుక్క ఇక్కడ అవస్థపడుతుంది.

టీకా మానేస్తే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వల్ల ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారు. వారిలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. బాధితుల్లో చాలామంది పిల్లలు. వ్యాధి లక్షణాలు కనిపించాక రోగిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. కుక్కకు వేయించే టీకా ఖర్చును దీనితో పోల్చి చూడండి.

కుక్క కరిస్తే, గోరు గీరినా సరే:

* వెంటనే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి.
* పసరు, కారం, సున్నం పెట్టకండి. కట్టు కట్టకండి.
* ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం.
* చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయండి. "మన కుక్కే కదా" అని ఊరుకోవద్దు.

బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారని ఇంకా భయపడేవారున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది. ఇప్పుడు కొద్ది డోసులు, అవీ చేతికే.

పెంచే స్తోమత లేకపోతే

ఏటా టీకా వేయించలేమనుకుంటే కుక్కను తెచ్చుకోకపోవడమే మేలు. అయినా మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చారు. ఆ జ్ఞాపకంగా ఏటా జూలై 6న మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. మీ వీధిలో అందరూ అన్నం పెట్టే కుక్క ఉంటే, దానికి మచ్చికైనవారు ఆ రోజు తీసుకువెళ్లండి. దానివల్ల ఆ వీధి పిల్లలందరికీ రక్షణ.