ఒకే వాన, వేర్వేరు పైర్లు

అనంతపురం మెట్టరైతులు 2000వ సంవత్సరపు ఖరీఫ్‌ను అంత సులభంగా మరచిపోలేరు. వేరుశనగ మొలకెత్తి చేలు పచ్చబడుతున్న వేళ లేత మొక్కల మొవ్వులు ఎండిపోసాగాయి. కాండం మాడినట్లు నల్లబడి, మొక్కకు మొక్క నేలవాలింది. కాండం కుళ్ళు అనే ఆ వైరస్ తెగులు ఆ ఒక్క పంటకాలంలోనే దాదాపు 2.25 లక్షల హెక్టార్లకు పాకింది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

తెగులుకు మూలం వయ్యారిభామ అనే కలుపు మొక్కలో దొరికింది. వైరస్ ఆ మొక్కలో దాగి ఉన్నా పైకి ఏ జబ్బూ కనిపించదు. దాని పుప్పొడిని, తామర పురుగులను గాలి చేలల్లోకి మోసుకొచ్చింది. కనుచూపు మేరా ఒకే పైరు పరుచుకొని ఉన్న నేలపై ఇక ఆ తెగులుకు అడ్డేముంటుంది? ఒకే పంటను నమ్ముకోవడమొక్కటే దీనికి కారణమనడం న్యాయం కాదు. కానీ ఆ తరువాత నిపుణులు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. వేరుశనగ చేను చుట్టూ ఏడెనిమిది వరుసల జొన్ననో సజ్జనో దట్టంగా విత్తుకోమన్నారు. ఎత్తుగా పెరిగే ఆ పైరు గాలివాటున కొట్టుకొచ్చే పురుగులను చేను అంచునే నిలువరిస్తుంది. వేరుశనగను కాపాడేందుకు వేరుశనగ కానిదే కావలసి వచ్చిందన్నమాట!

మన తాతల తరానికి ఇది కొత్త సంగతి కాదు. రాయలసీమలోనూ, తెలంగాణ మెట్ట పొలాల్లోనూ ఒకే చేలో కొర్ర, సజ్జ, జొన్న, కంది, అలసంద, అనుము, ఆముదం కలిపి సాగుచేసేవారు. కొర్ర మూడు నెలల్లో ఇంటికి చేరుతుంది. కంది నిదానంగా ఎదుగుతుంది. దాని వేరు లోతుకు దిగి, పై తడి ఆరిన తరువాత కూడా అడుగున మిగిలిన చెమ్మను అందుకుంటుంది. అలసంద నేలను కప్పి తేమను నిలుపుతుంది. కంది, అలసంద, అనుముల వేళ్ళపై ఏర్పడే బుడిపెల్లో సూక్ష్మజీవులు నివసిస్తాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. అందులో కొంత నేలలోనే మిగిలి తరువాతి పైరుకు పనికివస్తుంది. వాన ముందు వచ్చినా, వెనక వచ్చినా, నడుమ మొహం చాటేసినా ఏదో ఒక గింజ గాదెకు చేరేది. జొన్నను కందిలా ఉండమని ఏ రైతూ కోరలేదు. దేని పని దానిదే, చేను మాత్రం అన్నిటిదీ.

దివ్య ఖుర్‌ఆన్‌లోని రఅద్ సూరా పక్కపక్కనే ఉన్న నేలలను, ద్రాక్షతోటలను, పైర్లను, ఖర్జూర వృక్షాలను మన దృష్టికి తెస్తుంది. అవన్నీ ఒకే నీరు తాగుతున్నా రుచులు వేరుగా ఉండడాన్ని ఆలోచించే వారి ముందు సూచనగా ఉంచుతుంది. ఫాతిర్ సూరాలో వాన నీటితో పండిన రంగురంగుల ఫలాలు, కొండలలోని తెలుపు, ఎరుపు, నలుపు చారలు, ఆపైన మనుషుల, పశువుల వర్ణాలు ఒకే వరుసలో వస్తాయి. ఆ వెంటనే అల్లాహ్‌కు భయపడే జ్ఞానుల ప్రస్తావన ఉంటుంది. రూమ్ సూరా మరో అడుగు ముందుకు వేసి, మానవుల భాషలలోని, వర్ణాలలోని భేదాన్ని భూమ్యాకాశాల సృష్టితోపాటు అల్లాహ్ సూచనల్లో చేర్చింది. రంగు సంగతి మనం తరచూ వింటాం. భాష సంగతి దగ్గర మాత్రం, ఎందుకో, చదివి ముందుకు సాగిపోతాం.

ఇటీవల ఒక నికాహ్ విందుకు వెళ్ళినప్పుడు మేము చూసిన దృశ్యం ఇది. అత్తవారి తరఫు పెద్దావిడ కొత్త కోడలిని ఉర్దూలో ఏదో అడిగింది. ఆ అమ్మాయి తడబడి, తెలుగులో జవాబు చెప్పింది. “ముసల్మాన్ల ఇంట పుట్టి ఉర్దూ రాదా బేటీ?” అన్నదామె. మాటలో ద్వేషమేమీ లేదు. చుట్టూ ఉన్నవారు మాత్రం నవ్వారు. ఆ అమ్మాయి దుపట్టా సరిచేసుకొని తల వంచుకుంది. ఆమె చిన్ననాడే ఖుర్‌ఆన్ ఖతం చేసిందన్న సంగతి తరువాత వాళ్ళ అమ్మగారు చెబితే మాకు తెలిసింది. ఆ పూట దాన్ని అడిగినవారు లేరు.

మన రాష్ట్రాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కాదు. దూదేకుల, నూర్‌బాషా, పింజారి అనే పేర్లతో పిలువబడేవారు తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి, ఊరందరికీ వెచ్చదనం పంచినవారు. బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చిన షేక్ నాజర్ ఆ ఇళ్ళలో పుట్టినవాడే; ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఇతరులు చిన్నచూపుతో పలికే మాట ఆ పుస్తకానికి పేరై నిలిచింది. ఇటు మసీదు వరుసలో ‘వీళ్ళకు ఉర్దూ రాదు’ అనీ, అటు ఊరి రచ్చబండ దగ్గర ‘వీళ్ళు తురకలు’ అనీ వినవలసి వచ్చినవారికి తమదనుకునే చోటు ఎక్కడ?

ఉర్దూ ఘనతను తగ్గించడం మా ఉద్దేశం కాదు. తఫ్సీర్, హదీస్ విజ్ఞానం అపారంగా నిండిన భాష అది. పిల్లలకు నేర్పగలిగితే మేలే. కానీ ఉర్దూ రానంత మాత్రాన ఈమాన్‌లో లోటు లెక్కగట్టే అధికారం మనకు ఎవరిచ్చారు? ఇంకో మాట. తెలుగు మాట్లాడేవారిని చూసి నవ్వే మన దక్కనీ సోదరుల ‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చింది. ఆ యాసను విని ఉత్తరాదివారు నవ్విన సందర్భాలు వారికీ గుర్తుండే ఉంటాయి. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడనిపించుకున్నాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కే పొన్నెగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. ఈ నేల మీద ఇస్లాంకు తెలుగు పరాయిది కాలేదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధిలో అబిసీనియాకు చెందిన బిలాల్, పారశీకుడైన సల్మాన్, రోము దేశపు నుడికారంతో పెరిగిన సుహైబ్ (రజియల్లాహు అన్హుమ్) అందరితోపాటు కూర్చున్నారు. వారి పుట్టుకను మరిపించి అరబ్బులుగా మార్చే ప్రయత్నం జరగలేదు. సల్మాన్ చివరిదాకా సల్మాన్ ఫారసీయే. కందకం తవ్వాలన్న ఆయన పారశీక ఆలోచనే మదీనాను కాపాడింది. వేరే నేల నుంచి వచ్చినవాడు వేరే విద్యను వెంట తెచ్చాడు. అబూజర్ (రజి) అంతటివారు ఒకసారి కోపంలో ఒకరిని తల్లి పుట్టుకనెత్తి దెప్పిపొడిస్తే, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. మనం దాన్ని పెళ్ళి భోజనాల దగ్గర నవ్వుతూ చేస్తున్నాం.

మనుషులు పైర్లు కారు. ఈ పోలిక కొంతదూరమే నడుస్తుంది. జొన్నకు అవమానం తెలియదు. పక్క వరుసలోని వేరుశనగ నవ్వినా అది తలవంచుకోదు. మనుషులు అలా కాదు. ఉర్దూ రాని పిల్లవాడు మదర్సా మానేస్తాడు. బయాన్ అర్థంకాని ముసలాయన జుమా నాడు ఖుత్బా వేళకే వచ్చి, నమాజు కాగానే వెళ్ళిపోతాడు. క్రమంగా రాకనే మానేస్తాడు. మసీదు ఖాళీ అవుతున్నదని బాధపడే కమిటీ పెద్దలు ఆయన ఎందుకు రావడం లేదని ఒక్కసారైనా అడిగి చూడవచ్చు కదా.

పల్లెటూరి మసీదు ఒకదానిలో ఇమామ్‌గారు ఈ మధ్య ఒక చిన్న మార్పు చేశారు. ఖుత్బాకు ముందు ఉర్దూలో చెప్పే బయాన్‌ను కొంత కుదించి, చివరి పది నిమిషాలు అదే విషయాన్ని తెలుగులో చెబుతున్నారు. ఆయన తెలుగు అంత ధారాళమైనదేమీ కాదు. మాట దొరకని చోట ఆగుతారు, ముందు వరుస నుంచి ఎవరో అందిస్తారు. మేము వెళ్ళిన శుక్రవారం ఆయన తెలుగులోకి మారగానే, వెనక గోడకు ఆనుకొని కూర్చున్న నలుగురైదుగురు వృద్ధులు లేచి, టోపీలు సర్దుకుంటూ ముందుకు వచ్చి కూర్చున్నారు.